పరదా అంచు మీద స్టూలు

ఇలా రా, ఇంకాస్త దగ్గరికి జరుగు, ఈ డ్రయ్యర్ల హోరులో నా మాట నాకే వినపడటం లేదు. అసలు నోరు తెరిచి చెప్పే మాట కూడా కాదిది, మనసులో అనుకునేదే, కానీ ఎవరో ఒకరు పక్కన కూర్చుని వింటున్నారనుకుంటే తప్ప నాకు అనుకోవడం కూడా చేతకాదు, పుట్టినప్పటి నుంచీ వాగుడుకాయనే. గోడ మీద గడియారంలో పదకొండు దాటి అయిదు నిమిషాలైంది. ఇవాళ నెలలో మొదటి మంగళవారం. మా మనవరాలి పార్లర్‌లో చివరి కుర్చీకి అడ్డంగా కట్టిన నీలం పరదా ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాను. స్టూలు వెనక కాళ్ళు రెండూ పరదా అంచు మీద ఉన్నాయి, నేనిలా కూర్చున్నంతసేపూ ఫ్యాను తిరిగినా, డ్రయ్యరు గాలి కొట్టినా ఆ గుడ్డ కదలదు. లోపల కుర్చీ ఖాళీ. కుర్చీ ముందు బల్ల మీద థర్మోకోల్ తల, దానికి కడిగి, ఆరబెట్టి, పాపిట తీసి దువ్వి పెట్టిన విగ్గు. ఆ విగ్గు మనిషి రావాలి. పన్నెండు లోపల రావాలి. వస్తే ఆవిడకి నేను ఒకే ఒక్క మాట చెప్పుకోవాలి, అమ్మాయ్, ఆ రోజు నేను నవ్వింది నిన్ను చూసి కాదు, అని. ఎనభై ఏళ్ళ నుంచి లక్ష మాటలు వాగాను, ఎన్ని పనికొచ్చాయో తెలియదు, ఈ ఒక్కటీ చేరాల్సిన చోటికి చేరితే చాలు.

ఆవిడని అందరూ పోస్టాఫీసావిడ అంటారు. మూడో నంబరు కౌంటరు, అద్దం వెనక, ఎప్పుడూ అదే చీరకట్టు, అదే పాపిట, అదే ముడి, ఊళ్ళో ఆవిడ ముందు వరసలో నిలబడని వాళ్ళు లేరు. ఆవిడ జుట్టు ఆవిడది కాదని మాత్రం ముగ్గురికే తెలుసు, నాకు, మా అమ్మాయికి, తర్వాత మనవరాలికి. ముప్ఫై ఏళ్ళప్పుడు ఏదో జ్వరం వచ్చింది, జ్వరం తగ్గింది, జుట్టు మాత్రం గుప్పెళ్ళు గుప్పెళ్ళుగా ఊడిపోయింది, మళ్ళీ రాలేదు. చెవుల దగ్గర నాలుగు పోచలు, మెడ మీద పసిపిల్లలకున్నట్టు కాస్త నూగు. మొదటిసారి వచ్చినరోజు తలకి గుడ్డ చుట్టుకుని గుమ్మం దగ్గరే ఆగిపోయింది. మా అమ్మాయి నేల ఊడుస్తోంది, అప్పటిదాకా కత్తిరించిన జుట్టంతా నల్లగా ఒక కుప్పయింది, అందరి జుట్టూ కలిసి ఒక పిల్లంత కుప్ప, ఆవిడ దాని వంక చూసింది. ఆకలి మీదున్న వాళ్ళు పక్కవాళ్ళ కంచం వంక చూసినట్టు చూసింది. మా అమ్మాయి చీపురు గోడకి ఆనించి, ఆ కుప్పకి అడ్డంగా వచ్చి నిలబడింది, లోపలికి రండి అంది. మర్నాడే ఈ నీలం గుడ్డ తెచ్చి, తీగ లాగి, పరదా కట్టింది. మంగళవారాలు మాకు జనం తక్కువ, మొదటి మంగళవారం పదకొండు నుంచి పన్నెండు దాకా మీదే, వీధి తలుపు కూడా వేసేస్తాను అని చెప్పింది. రెండు విగ్గులు, ఒకటి తల మీద, ఒకటి మా దగ్గర, నెలకోసారి అది ఇచ్చి ఇది పెట్టుకుని వెళ్ళడం. తీగ మీద పరదా వదులుగా ఉండి గాలికి ఊగుతుంటే, అమ్మా, నువ్వు స్టూలు దీని అంచు మీద వేసుకుని కూర్చో, లేవకు, అదే నీ పని అంది మా అమ్మాయి. ఉద్యోగం బాగుందే, కూర్చుంటే చాలు అన్నాను. ఇరవై రెండేళ్ళు కూర్చున్నాను. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారే లేచాను.

పరదా లోపల ఆవిడ గొంతే వేరు, కౌంటరు దగ్గర నాలుగు మాటల మనిషి, ఇక్కడ విగ్గు తీసి పక్కన పెట్టగానే మాటలు పొంగిపోయేవి. రోజూ ఒకే కవరు తెచ్చి తూకం వేయించుకుని పోస్టు చేయకుండా పట్టుకుపోయే ముసలాయన గురించి, తపాలా బిళ్ళకి బదులు నాలుక మీద బంక రాసుకున్న పెళ్ళికొడుకు గురించి చెప్పేది, నేను పరదాకి ఇవతల కూర్చుని పడీ పడీ నవ్వేదాన్ని. నా నవ్వు సంగతి నీకు తెలియదు కదూ. అది మర్యాదైన నవ్వు కాదు. మెట్ల మీద నీళ్ళ బిందె దొర్లినట్టుంటుందనేవారు మా ఆయన, మొదలైతే కింది మెట్టుకి చేరేదాకా ఆగదు. నా చదువు ఆగింది కూడా ఆ నవ్వు వల్లే, మూడో తరగతిలో మాస్టారు కుర్చీలోంచి జారితే నవ్వాను, బయట నిలబెట్టారు, మర్నాడు లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, నేనూ వెళ్ళలేదు. అలాంటి నవ్వుని ఆవిడ ఇష్టపడింది. పిన్నిగారూ, మీరలా నవ్వుతుంటే నా నెత్తి మీద ఏమీ లేదన్న సంగతే గుర్తుండదండీ అని పరదా లోపల్నించి అనేది. గుర్తుండదండీ అనేది. ఇప్పుడు చూడు, ఆ నవ్వే.

"అమ్మమ్మా." మనవరాలు వచ్చి నా ముందు వంగింది, చేతులకి రంగు తొడుగులు, చంకలో దువ్వెన. "పదకొండుంపావైంది. ముగ్గురు నిలబడే ఉన్నారు. ఆ కుర్చీ ఇస్తే..."

"పన్నెండు దాకా ఆవిడది."

"ఆవిడ రారే అమ్మమ్మా. నీకూ తెలుసు."

"తెలిస్తే తెలిసింది. నీ పని నువ్వు చూసుకో, నా ఉద్యోగం నన్ను చేసుకోనీ."

పిల్ల వెనక్కి తిరిగింది. దాని కాళ్ళు చూశాను, చెప్పుల్లోంచి పొంగిపోయి ఉన్నాయి, పొద్దున ఎనిమిది నుంచి నిలబడే ఉంది. వాళ్ళమ్మకీ అంతే, సాయంత్రానికి పాదాలు రొట్టెల్లా ఉబ్బేవి, ఉప్పు నీళ్ళలో పెట్టుకుని, అమ్మా ఏదైనా చెప్పి నవ్వించవే అనేది. రెండేళ్ళ కిందట ఆస్పత్రి మంచం మీద కూడా అదే అడిగింది. నవ్వించమని కాదు, నువ్వు నవ్వవే అమ్మా, విని చాలా రోజులైంది అంది. ముక్కుకి గొట్టం, చేతికి సూది, అదే నా చెయ్యి పట్టుకుని అడిగింది. నోరు తెరిచాను. రాలేదు. జీవితమంతా రాకూడని చోటల్లా వచ్చిన నవ్వు ఆ ఒక్క పూట రాలేదు. పోనీలే, రేపు నవ్వుదువుగాని అంది. రేపటికి అది లేదు.

అది పోయాక పిల్ల పార్లర్ చేతికి తీసుకుంది. ఎదురుగా అద్దాల పార్లర్ వచ్చింది, ఏడు కుర్చీలు, లోపల పాటలు, మా దగ్గరకి వచ్చేవాళ్ళు ఒక్కొక్కరే రోడ్డు దాటి అటు వెళ్ళడం కిటికీలోంచి కనపడేది, మేం చూస్తున్నామని తెలిసి తల వంచుకుని దాటేవాళ్ళు. రోజులు రోజులు పిల్ల ఖాళీ కుర్చీలో కూర్చుని పాదంతో దాన్ని గిరగిరా తిప్పుకునేది. ఈ నెల దాటితే మూసేద్దాం అమ్మమ్మా అంది ఒకరోజు, పరదా వంక చూసి, ఆవిడ సంగతేం చేద్దాం అని కూడా అంది, అది చెడ్డ పిల్ల కాదు, నువ్వు అలా అనుకోకు. తర్వాత ఎవరో చెబితే ఫోనులో రీళ్ళు తీసి పెట్టడం మొదలుపెట్టింది. మూడు కాళ్ళ స్టాండు, గుండ్రంగా గాజులా వెలిగే లైటు. జుట్టు ముందు ఎలా ఉంది, తర్వాత ఎలా అయింది, రెండూ పక్కపక్కన, అరనిమిషం కూడా ఉండదు. మొదటి రీలు పదకొండు మంది చూశారు, అందులో నాలుగుసార్లు నేనే. తొమ్మిది రీళ్ళు అలాగే నీళ్ళలో వేసినట్టు పోయాయి. జుట్టొక్కటే చూపిస్తే చూడరట అమ్మమ్మా, మనుషులు కూడా కనపడాలట, మాట్లాడాలట, నవ్వాలట అంది.

పోయిన నెల మొదటి మంగళవారం. నడుము దాకా జుట్టున్న ఒక పిల్ల, పక్క ఊరి నుంచి బస్సెక్కి వచ్చింది, ఊదా రంగు వేయించుకుంటానని, రీలులో కనపడటానికి ఒప్పుకుంది, కానీ ఆ పూట తప్ప కుదరదంది. పదకొండున్నర. పరదా లోపల పోస్టాఫీసావిడ ఉంది, విగ్గు తీసి కూర్చుని ఉంది. మనవరాలు పరదా దగ్గరకొచ్చి, ఆంటీ, ఇలా ఇలా, ఒక్క పది నిమిషాలు అని అడిగింది. లోపల్నించి ఆవిడ, దానికేముందమ్మా, తీసుకో, నేను లోపలే ఉంటానుగా, పిన్నిగారు బయట ఉన్నారుగా అంది. పిన్నిగారు బయట ఉన్నారుగా. ఆ మాట మళ్ళీ మళ్ళీ వస్తుంది నాకు, పళ్ళు తోముకుంటుంటే వస్తుంది, అన్నం కలుపుకుంటుంటే వస్తుంది. రంగు అప్పటికే పట్టింది, కడిగారు, డ్రయ్యరు పెట్టారు. అమ్మమ్మా, నువ్వు ఇలా రా, ఈ జుట్టు చూసి నీకేమనిపిస్తే అది అను, నిలబడితే తూలతావు, కూర్చునే చెప్పు అంది పిల్ల. నేను లేచాను. లేచి ఊరుకున్నానా, స్టూలు కూడా ఎత్తుకుని వెళ్ళాను. నా చేతులతోనే ఎత్తాను. ఆ స్టూలుకి ఇంకో పని ఉందన్న సంగతి ఇరవై రెండేళ్ళు దాని మీద కూర్చున్న నాకే గుర్తు రాలేదు. ఆ ఊదా జుట్టు వంక చూసి, "ఇదేమిటే, జుట్టా, వంకాయల గంపా" అన్నాను. ఆ పిల్ల ఫక్కుమంది, మనవరాలు ఫక్కుమంది, నా బిందె మెట్ల మీద దొర్లడం మొదలుపెట్టింది. మా అమ్మాయి పోయాక నేను నవ్వడం అదే మొదలు. వెనక డ్రయ్యరు గాలికి పరదా జానెడు పక్కకి జరిగింది. ఎదుటి గోడకి నిలువెత్తు అద్దం. జానెడు సందులోంచి ఆవిడ ముఖం, పైన తల, లైటు వెలుగు పడి నున్నగా, ఆ అద్దంలోకి వచ్చింది. నేను నవ్వుతూనే ఉన్నాను.

రీలు పెట్టేముందు మూడుసార్లు చూశామమ్మా, నేనూ పిల్లా, తలలు ఆనించి. జుట్టే చూశాం. మా ఇంటి పనే జుట్టు చూడటం, మెరుపు చూశాం, కొసలు చూశాం, రంగు సమంగా పట్టిందా లేదా చూశాం. అద్దంలో ఏముందో ఎవరు చూస్తారు, పార్లర్‌లో పుట్టి పెరిగిన వాళ్ళకి అద్దం గోడతో సమానం. రెండు రోజులు ఏమీ లేదు. మూడో రోజు పిల్ల ఫోను బల్ల మీద కప్ప గెంతినట్టు గెంతడం మొదలుపెట్టింది. అమ్మమ్మా, అందరూ చూస్తున్నారు, మన రీలు అందరూ చూస్తున్నారు అని నన్ను పట్టుకుని ఊపేసింది, నేనూ మురిసిపోయాను, నా నవ్వుకి ఇన్నాళ్ళకి విలువొచ్చిందన్నాను. సాయంత్రం చూస్తే ఎవరో మన రీలు ఆపి, అద్దం చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి, నెమ్మదిగా మళ్ళీ మళ్ళీ తిప్పి, దాని మీద నా నవ్వు పెట్టారు. కింద రాతలు. పిల్ల చదవనంది, నేనే కూడబలుక్కుని చదివాను. మూడో నంబరు కౌంటరు కాదూ ఈవిడ, అని రాశారెవరో. ముసలామె నవ్వు చూడండి, పాపం దాచుకున్నది దొరికిపోయింది, అని ఇంకొకరు. పిల్ల ఆ నిమిషమే తీసేసింది, ఏడుస్తూ తీసేసింది, కానీ మన దగ్గర తీసేస్తే పోయేది కాదట అది, వంద మంది దగ్గర వంద ఉన్నాయట. తర్వాత నా నవ్వుని విడగొట్టి వేరే రీళ్ళకి అతికించుకున్నారు. ఎవడో గోతిలో పడతాడు, నా నవ్వు. పిల్లి గోడ మీద నుంచి జారుతుంది, నా నవ్వు. నేను ఈ స్టూలు దాటి ఎక్కడికీ పోలేని దాన్ని, నా నవ్వు మాత్రం ఊళ్ళ మీద పడి తిరుగుతోంది, నన్ను అడక్కుండా.

పార్లర్ నిండింది. అద్దాల పార్లర్‌కి పోయినవాళ్ళు రోడ్డు దాటి ఇటొచ్చారు, తల వంచుకోలేదు ఈసారి. వచ్చినవాళ్ళంతా, నవ్వే అమ్మమ్మ మీరేనా అంటారు. మూడో నంబరు కౌంటరులో వేరే అతను కూర్చున్నాడు. సెలవు పెట్టారు, ఎప్పుడొస్తారో తెలియదన్నాడు. వాళ్ళింటికి వెళ్ళాం, లోపల లైటుంది, తలుపు తీయలేదు. అప్పుడు నేను ఉత్తరం రాశాను. మూడో తరగతి అక్షరాలు, ఒక్కొక్కటీ ఒక్కో దిక్కుకి పోతుంది, అయినా నేనే రాశాను, వంకాయల గంప సంగతంతా రాశాను. వారానికి తిరిగొచ్చింది. పుచ్చుకోలేదు అని రాసి ఉంది పైన. ఉత్తరం చింపకుండా, విప్పకుండా వెనక్కి ఎలా పంపాలో ఆవిడకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది. పన్నెండుకి పాతిక నిమిషాలుంది. ఇంకో విగ్గు, ఆవిడ దగ్గరున్నది, నెల దాటింది కడిగి, అట్ట కట్టి ఉంటుంది, చెమటకి దురద పెడుతుంది, పెట్టుకుంటోందో లేదో, పెట్టుకున్నా ఇప్పుడు ఎవరి కోసం పెట్టుకోవాలి.

కిటికీలోంచి రోడ్డవతల బస్టాపు కనపడుతుంది. అక్కడొక ఆడమనిషి నిలబడి ఉంది. తలకి గుడ్డ. సంచి రెండు చేతులతో కడుపుకి ఆనించి పట్టుకుంది, అలా పట్టుకునేది ఆవిడే, కౌంటరు మూసి ఇంటికి పోయేటప్పుడు అలాగే నడిచేది. బస్సు కోసం చూడటం లేదు. మన గుమ్మం వంక చూస్తోంది. నా కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను, అవును, గుడ్డ కూడా మొదటి రోజుదే, బూడిద రంగుది, లేకపోతే నాకలా అనిపించిందో. పిల్లని పిలుద్దామంటే రెండు డ్రయ్యర్లు హోరుమంటున్నాయి, అది అటు తిరిగి ఉంది. లేవాలి. లేచి, గుమ్మం దాకా వెళ్ళి, అమ్మాయ్ అని ఒక్క కేక వేయాలి. లేవబోయాను. స్టూలు కిర్రుమంది. వెనక పరదా అంచు కాస్త వదులైనట్టు నా మడమకి తగిలింది. అంతే, మళ్ళీ కూర్చుండిపోయాను. లేవకు, అదే నీ పని. పిన్నిగారు బయట ఉన్నారుగా. మోకాళ్ళు కాదు నన్ను ఆపింది, నమ్ము, మోకాళ్ళు లేస్తానన్నాయి. గుమ్మం దగ్గర ముగ్గురు పిల్లలు ఫోన్లు ఎత్తి పట్టుకుని నిలబడి ఉన్నారు, ఇప్పుడు ఈ గుడ్డ జరిగితే మళ్ళీ కనపడిపోతుంది అనే అనుకున్నాను. లోపల ఎవరూ లేరని, కనపడటానికి థర్మోకోల్ తల తప్ప ఏమీ లేదని, కనపడాల్సిన మనిషి రోడ్డవతల ఉందని బుర్రకి అందేసరికి బస్సొచ్చి అడ్డం ఆగింది. అప్పుడు లేచాను. పరదా పోతే పోయిందని లేచాను. కుర్చీల మధ్య నుంచి, తీగల మీద నుంచి దాటుకుంటూ గుమ్మం దాకా వచ్చేసరికి బస్సు కదిలింది. వెనక ఖాళీ బస్టాపు. ఎక్కిందో, నడిచి పోయిందో. ఫోన్లు పట్టుకున్న ఆ పిల్లల్ని చూసే ఆగిందో. లేచి వస్తానేమో, స్టూలు మీది మనిషి ఈ ఒక్కసారైనా లేచి వస్తుందేమో అని చూసిందో. లేవకూడని రోజు లేచాను, లేవాల్సిన రోజు కూర్చున్నాను. ఖాళీ కుర్చీకి కాపలా కాశాను.

"ఏమైంది అమ్మమ్మా, ఎవరు?" అంది పిల్ల వెనకనుంచి.

"ఎవరూ లేరు."

గడియారం పన్నెండు కొట్టే రకం కాదు, ముల్లు మీద ముల్లు పడింది, అంతే. పిల్ల పరదా పక్కకి లాగింది, మెల్లగానే లాగింది. విగ్గున్న తలని ఎత్తి పై అరలో, గోడ వైపు తిప్పి పెట్టింది. ఆ కుర్చీలో ఒక కొత్త పిల్ల కూర్చుంది, ఫోను తీసింది, నన్ను అద్దంలో చూసింది. "అమ్మమ్మగారూ, ఒక్కసారి నవ్వరూ, మా అక్కకి పంపుతాను." మనవరాలు, "వద్దండీ, ఆమెకి ఒంట్లో బాలేదు" అంది, అంటూనే గోడకి ఒక చెయ్యి ఆనించింది, ఒక పాదం ఎత్తి రెండో దాని మీద పెట్టుకుంది, వాళ్ళమ్మలాగే. ఈ పిల్లలు రావడం మానేస్తే అది మళ్ళీ ఖాళీ కుర్చీలో గిరగిరా తిరుగుతుంది. నేను స్టూలు మీద కూర్చుని నవ్వాను. రాదనుకున్నాను. వచ్చింది. అచ్చం అలాగే వచ్చింది, బిందె మెట్టు మెట్టూ దొర్లుకుంటూ కిందికి, ఏ మెట్టూ తప్పలేదు. కన్నకూతురు చెయ్యి పట్టుకుని అడిగితే రానిది, పేరు కూడా తెలియని పిల్ల ఫోను ఎత్తితే వచ్చింది. లోపల ఎవరూ లేని ఇంట్లో పాట వస్తున్నట్టు వచ్చింది. ఆ పిల్ల చప్పట్లు కొట్టింది. ఎదుటి అద్దంలో నేను కనపడ్డాను, నా వెనక పై అరలో, గోడ వైపు తిరిగిన ఆ తల కనపడింది. దానికి ముఖం లేకపోవడమే మేలనిపించింది.

విన్నావు కదా. నీకు ఇంకో పని చెప్పను, ఇదొక్కటే గుర్తుపెట్టుకో. ఎప్పుడో ఎక్కడో, బస్సులోనో వరసలోనో, ఎవరి ఫోనులోనో మెట్ల మీద బిందె దొర్లినట్టు ఒక ముసలి నవ్వు వినిపిస్తుంది. విని ఊరుకోకు. పక్కనున్న వాళ్ళకి చెప్పు, ఆ ముసలామె ఊదా రంగు జుట్టు చూసి, వంకాయల గంపా అని నవ్విందటండీ, ఇంకెవర్నీ చూసి కాదటండీ, అని. వాళ్ళని ఇంకొకరికి చెప్పమను. నవ్వు ఒక్కటే తిరుగుతోంది, దాని వెనకాల ఈ మాట కూడా తిరగాలి. కాస్త గట్టిగానే చెప్పు తల్లీ. అదే వరసలో వెనక ఎక్కడో, తలకి బూడిద రంగు గుడ్డ చుట్టుకుని ఆవిడ నిలబడి ఉండొచ్చు.